యమున పక్కన పెట్టిన గెలాక్సీలు

నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని. ఆకాశంతో నా సంబంధం పంచాంగంతో సరి. అయినా ఒక మనిషి మీద పగ పట్టడం కోసం ఖగోళశాస్త్రం నేర్చుకున్నాను. అతను నాకేమీ చేయలేదు, చేసింది యమునకు. కానీ యమున నా గదిలో ఉండేది, నేను వండింది తినేది, నా దుప్పటి కప్పుకుని ఏడ్చేది. కాబట్టి అతను నాకూ శత్రువే. ఈ కథ నేను న్యాయంగా చెప్పను. న్యాయంగా చెప్పేవాళ్లు కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

యమునది గద్వాల. నేత ఇల్లు. తండ్రి మగ్గం మీద కూర్చుంటే తల్లి పెంటమ్మ పక్కన చేరి పట్టు అంచును నూలు చీర ఒంటికి పోగు పోగునా కలిపేది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లల కళ్లు ముందు అంచు మీదికే పోతాయి. ఎవరైనా కొత్త చీర కట్టుకొస్తే అందరం రంగు చూస్తాం, యమున అంచు చూస్తుంది. "అంచు కంటికి ఆనకపోతే అదేం చీరనే, గుడ్డ" అని తీసిపారేస్తుంది. మనిషి పొట్టి, కోపం పొడుగు. వనపర్తిలో మా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్‌కి గెస్ట్ లెక్చరర్. పిల్లలకు ఆమె అంటే హడల్, అయినా ఆమె క్లాసు ఎగ్గొట్టరు. నాగర్‌కర్నూలు నుంచి పొద్దుటి బస్సుకు వచ్చే పిల్లలు టిఫిన్ మానేసి మరీ ఆమె మొదటి పీరియడ్‌కు ఉరుకుతారు.

ఇక్కడికి రాకముందు హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేసింది. దేని మీద అని నేను అడిగిన రోజు ఇద్దరం పప్పు వండుతున్నాం.

"గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపు గద" అంది. "కొన్నిటి నడుమ పెద్ద నల్లబిలం ఉంటది. చుట్టున్న వాయువును గుంజుకుంటది. లోపటికి పోయే ముందు ఆ వాయువు కాగి కాగి భగభగ మండుతది. అది నడిమిట్ల దీపం అనుకో. జర దూరంల మబ్బులుంటయి. దీపం ఎలుగు తగిలి అవి గూడ ఎలుగుతయి. గానీ దీపం లెక్క అన్ని రంగులల్ల ఎలగవు, తమ సొంత రంగుల్లనే ఎలుగుతయి. ఆ గెలాక్సీ ఎలుగును ఇంద్రధనస్సు లెక్క పరిచి చూస్తే, ఆ రంగుల కాడ గీతలు లేస్తయి. కార్బన్‌ది ఒక కాడ, హైడ్రోజన్‌ది ఇంకో కాడ."

"దీపం పెద్దదైతే గీత గూడ పెద్దగైతది. అంతే గద?"

"అయితది. గానీ దీపం పెరిగినంత పెరగదు. గిన్నెడు పప్పుకు చెంచెడు ఉప్పు ఏస్తవు. పెండ్లిల పెద్ద డేగిస పప్పుకు గుప్పెడు ఏస్తరు. ఉప్పు పెరిగింది నిజమే. పప్పు పెరిగినంత పెరగకపోతే?"

"చప్పగుంటది."

"గంతే. ఎక్కువ ఎలిగే గెలాక్సీ చప్పటి గెలాక్సీ. దాని ఎలుగు పక్కన పెట్టి చూస్తే గీత చిన్నగ కనవడ్తది."

ఇది యమున కనిపెట్టింది కాదు. శాస్త్రవేత్తలకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన సంగతే. యమున చేసిందల్లా, అంతకుముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని మసక గెలాక్సీలను వందలకొద్దీ తీసుకుని, ఒక్కో దాని గీతనూ కొలవడం. కొలిస్తే తేలిందేమిటంటే, మసక గెలాక్సీల్లో ఉప్పు అందరూ అనుకున్న దానికంటే చాలా ఎక్కువ ఉందని. వెలుగు తగ్గేకొద్దీ గీత వాటా మెల్లగా కాదు, నిట్టనిలువుగా పెరుగుతోందని. ఇది నిజమైతే చిన్న విషయం కాదు. పప్పు నాలుక మీద వేసుకుని వండింది గిన్నెలోనా డేగిసలోనా చెప్పేయవచ్చు. గీతను చూసి గెలాక్సీ అసలు వెలుగెంతో చెప్పవచ్చు. అసలు వెలుగు తెలిస్తే, మనకు ఎంత మసకగా కనబడుతోందో చూసి దూరం చెప్పవచ్చు. ఆకాశాన్ని చదివేవాళ్లకు దూరం తెలియడం కంటే పెద్ద వరం లేదట.

అప్పుడు అక్కడ కొత్తగా చేరిన మాస్టారు రాఘవేంద్ర. ఊరు గద్వాల దగ్గరి వడ్డేపల్లి. మన దిక్కు మనిషి కదా అని యమున ఆయన్ని అన్నా అని పిలిచేది. తండ్రికి పక్షవాతం వచ్చి ఆమె గద్వాలకు పరుగెత్తాల్సి వచ్చినప్పుడు కొలతలన్నీ ఆయన చేతిలో పెట్టి, "అన్నా, జర చూస్తుండు, నేనొచ్చినంక రాస్త" అని చెప్పి పోయింది. దొంగకు తాళం చెవి ఇచ్చి ఇల్లు చూస్తుండమన్నట్టయింది.

తండ్రి పోయాక తిరిగి వెళ్లేసరికి వ్యాసం అచ్చయి ఉంది. పైన ఒకే పేరు, ఆయనది. చివర కృతజ్ఞతల్లో కంప్యూటర్లు బాగుచేసే వాళ్ల వెనక యమున పేరు. అడిగితే, "నీ పేరు పెడితే ఎవరు చదువుతరు యమునా? ముందు నా పేరుతోటి పోనీ. నీకు ఇంకోటి చూద్దాం" అన్నాడట. పెద్దవాళ్లకు చెప్పుకుంది. సర్దుకుపొమ్మన్నారు. సర్దుకుపోయే రకమైతే ఆమె యమున ఎందుకవుతుంది? సామాను సర్దుకుని వచ్చేసింది. డాక్టరేట్ అక్కడే ఆగిపోయింది.

ఆయన మాత్రం ఆగలేదు. ప్రొఫెసరయ్యాడు. బహుమతులొచ్చాయి. గీతను చూసి దూరం చెప్పే మనిషని టీవీల్లో కూర్చోబెట్టారు. అతని మొహం తెర మీద కనబడితే నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టేదాన్ని, తెలుగు లెక్చరర్‌ని కాబట్టి తిట్లకు కొదవలేదు. యమున తిట్టేది కాదు. కార్యక్రమం అయిపోయేదాకా రెప్ప వేయకుండా చూసి, లేచి పోయి అంట్లు తోమేది. ఆ గిన్నెలు ఎంత గట్టిగా తోమేదంటే అడుగులు అరిగిపోయాయి.

ఒక దసరాకు ఆమె వెంట గద్వాల పోయాను. వాళ్ల తమ్ముడు మల్లేశ్‌కు చిన్న చీరల దుకాణం ఉంది. సాయంత్రం మానవపాడు నుంచి పెండ్లివాళ్లు వచ్చి చీరలు చూస్తుండగా కరెంటు పోయింది. గుమ్మం దగ్గర ఇంకా వెలుతురుంది, లోపలి అరలన్నీ మసక. ఆ పెండ్లి పెద్దమ్మ గుమ్మం దగ్గరి చీరలు అన్ని రకాలూ చూసి, లోపలికి పోయి ఆ మసకలోనే అంచు మెరిసినవి లాగింది. నాలుగైదు ముందేసుకుని, "మీ లోపటి చీరలకే అంచులు దండిగున్నయి, బయటియి ఎక్కువ సన్న అంచులే" అని మల్లేశ్‌తో కొట్లాటకు దిగింది. అతను నవ్వుతూ సర్దిచెబుతున్నాడు. లోపలి అరల్లో సన్న అంచువీ బోలెడున్నాయి. చీకట్లో అవి ఆమె కంటికి ఆనలేదు, అంతే.

యమున మడత పెడుతున్న చీరను ఒళ్లో వేసుకుని అలాగే కూలబడింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వనపర్తికి లాక్కొచ్చింది. ఆ పెద్దమ్మ చేసిన పనే తనూ చేశానని దారిలో చెప్పింది.

హైదరాబాదులో మసక గెలాక్సీల జాబితా తయారు చేసేటప్పుడు, గీత స్పష్టంగా కనబడని వాటిని ఆమె తీసి పక్కన పెట్టింది. గీతే లేనిదాన్ని ఏం కొలుస్తాం అనుకుంది. అంచు లేనిది చీర కాదనుకునే ఇంట్లో పుట్టిన పిల్ల ఇంకెలా అనుకుంటుంది? దాంతో మసక వైపు గట్టి గీతలున్నవే మిగిలాయి. ప్రకాశించే వైపు చిన్న గీతలు కూడా కనబడతాయి కాబట్టి అక్కడ అన్నీ మిగిలాయి. ఆ నిట్టనిలువు పెరుగుదల ఆకాశంలో లేదు, ఆమె ఏరిన తీరులో ఉంది. గెలాక్సీల కొలతలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో అందరికీ దొరుకుతాయి, కంప్యూటర్ ఉంటే చాలు. కాలేజీ అయ్యాక రోజూ కూర్చుని, అప్పుడు పక్కన పెట్టిన గెలాక్సీలన్నిటినీ తెచ్చి మళ్లీ కలిపింది. కలిపేసరికి పాత మెల్లటి వాలే మిగిలింది. గీతను చూసి దూరం చెప్పడమనేది ఉత్త మాటే.

ఇంకొకరైతే ఏడ్చేవాళ్లు. ఆమె పడీ పడీ నవ్వింది.

"సుప్రియా, వాడు ఎత్తుకపోయిన బిందెకు బొక్క ఉందే. ఆ బొక్క పెట్టింది నేనే. వాడు కొలిచి ఉంటే వానికి తెలుస్తుండె. కొలవలే గద!"

తప్పును సరిదిద్దే వ్యాసం రాసి పెట్టుకుంది. పంపించలేదు. ఎందుకు పంపవంటే, "ఎక్కనీ. ఎంత ఎక్కితే అంత మంచిగ పడ్తడు" అంది. నాకు ఆ జవాబు కడుపు నిండా అన్నం తిన్నట్టు అనిపించింది. అప్పటినుంచి అతనికి బహుమతి వచ్చిన ప్రతిసారీ మేమిద్దరం మిర్చిబజ్జీలు తెచ్చుకుని పండగ చేసుకున్నాం. శత్రువు ఎదుగుదలకు అంత సంతోషించిన వాళ్లు లోకంలో ఇంకెవరూ ఉండరు.

పోయిన జనవరిలో ఫోనొచ్చింది. రాఘవేంద్ర. సైన్స్ దినోత్సవానికి మా కాలేజీకి ముఖ్య అతిథిగా వస్తాడట, ప్రిన్సిపాల్ సత్తయ్య సార్‌తో మాట్లాడుకున్నాడట. "నీకు అన్యాయం జరిగింది యమునా. అందరి ముందర చెప్త. ఆ పని నీదని చెప్త. కొత్తగా వేసే వ్యాసంల నీ పేరే ముందు పెడ్త" అన్నాడు. ఫోన్ పెట్టాక యమున నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు. నాకు ఒళ్లు మండింది. పగబట్టిన మనిషి ఒక్క ఫోనుకు కరిగిపోతుందా? పైగా ఆ మాట తల్లికి కూడా చెప్పేసింది. పెంటమ్మ గద్వాలలో వీధి వీధినా చెప్పుకుంది, బిడ్డ పేరు బిడ్డకు వస్తోందని.

వారం తిరగకముందే అసలు సంగతి బయటపడింది. విదేశాల్లో ఎవరో ఆ వ్యాసం మీద అనుమానాలు లేవనెత్తారు. మసక గెలాక్సీలను ఎవరు ఏరారు, ఎలా ఏరారు అని అడుగుతున్నారు. అతని కొత్త ప్రాజెక్టు దాని మీదే నడుస్తోంది. యమున అదంతా చదివి, కంప్యూటర్ మూసి, ఒకే మాట అంది.

"వాడు కూలే గోడను నాకు రాసిస్తున్నడే."

"మంచిదైంది" అన్నాను. "నాది కాదని చెప్పు. కాగితం మీద ఒక్క వాని పేరే ఉంది గద. 'సార్, ఈ పనితోటి నాకేం సంబంధం లేదు' అను. ఒక్క మాట. గోడ వాని మీదనే కూలనీ."

"మంచిగనే ఉంది" అంది. లేచి అంట్లు తోమడానికి పోయింది.

ఎంత ఆలోచించినా నాకు అంతకంటే గొప్ప పగ తోచలేదు. ఆమె చేయవలసిందల్లా కాదనడం. కానీ ఆ మాట అంటే, ఇన్నేళ్లు ఏ పేరు కోసం ఏడ్చిందో ఆ పేరును తన నోటితోనే వదిలేసుకోవాలి. అది నాకు తట్టలేదు. సైన్స్ దినోత్సవం నాడు పెంటమ్మ గద్వాల నుంచి బస్సు దిగి, తను పోగు కలిపిన చీర కట్టుకుని, మొదటి వరుసలో నా పక్కన వచ్చి కూర్చున్నప్పుడు తట్టింది. ఈ ముసలామె ముందు బిడ్డ 'నాది కాదు' అని ఎలా అంటుంది? అయినా నా మనసు మారలేదు. అనాలి, అతను మునగాలి అనే కోరుకున్నాను. నేను మంచిదాన్నని ఎప్పుడూ అనలేదు కదా.

హాలు నిండిపోయింది. పిల్లలు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. సత్తయ్య సార్ శాలువా, జ్ఞాపిక టేబుల్ మీద సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు. రాఘవేంద్ర గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గెలాక్సీలు, గీతలు, తన ప్రయాణం. తర్వాత గొంతు తగ్గించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు.

"ఈ రోజు ఒక నిజం చెప్పాలి. ఈ పనికి పునాది వేసింది మీ యమున మేడమ్. గెలాక్సీలను ఏరింది ఆమె. గీతలు కొలిచింది ఆమె. నేను కేవలం రాసి పంపించాను."

పిల్లల చప్పట్లతో హాలు దద్దరిల్లింది. పెంటమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. యమున వేదిక ఎక్కి మైకు అందుకుంది. అను, కాదని అను, అని నేను పళ్లు బిగించి కూర్చున్నాను.

"సార్, జర మల్లొక్కసారి చెప్పుండ్రి. ఎనక కూసున్న పిల్లలకు ఇనవడలే."

అతను చిరునవ్వుతో మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకా గట్టిగా. ఏరింది ఆమె, కొలిచింది ఆమె, నేను రాసి పంపానంతే.

"ఇన్నరు గద పిల్లలు?" అంది యమున. "అవును, ఆ పని నాదే. నేను మా నాయిన కోసం ఇంటికి పోతే, నన్ను అడగకుండ తన ఒక్కని పేరు మీద అచ్చేసుకున్నడు సార్. ఇన్నేండ్లు నేను చెప్తే ఎవ్వరు నమ్మలే. ఇయ్యాల ఆయన నోటితోనే రెండుసార్లు చెప్పిండు. మీ ఫోన్లల్ల ఉంది."

చప్పట్లు ఆగిపోయాయి. రాఘవేంద్ర మొహంలో చిరునవ్వు ఇంకా అలాగే ఉంది, తీయడం మరిచిపోయినట్టు.

"ఇంకోటి. ఆ పనిల తప్పుంది. ఆ తప్పు గూడ నాదే."

తెర మీద బొమ్మ వేసింది. నిలువుగా లేచిన చుక్కల గుంపు, ఒక్కో చుక్క ఒక్కో గెలాక్సీ. దాని మీద, అప్పుడు పక్కన పెట్టిన గెలాక్సీలను చుక్కలు చుక్కలుగా పోసింది. నిలువు కాస్తా చూస్తుండగానే వాలిపోయింది. మసకలో ఉన్నవాటిలో కంటికి ఆనినవే ఏరితే ఏమవుతుందో ఇంటర్ పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా గొంతు పెంచలేదు. సరిదిద్దిన వ్యాసం నిన్ననే పంపించానని, దాని మీద తన పేరొక్కటే ఉందని చెప్పింది. "నేను చేసిన తప్పు నాకు దొరికింది. సార్‌కు దొరకలే, ఎందుకంటే సార్ ఆ పని చెయ్యలే" అని చెప్పి మైకు కింద పెట్టింది.

సత్తయ్య సార్ పాపం ఏం చేయాలో తెలియక లేచి, తెచ్చిన శాలువా ముఖ్య అతిథికే కప్పారు. ఆ శాలువా కింద రాఘవేంద్ర నిలబడిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను, మరిచిపోదలుచుకోలేదు కూడా.

పెంటమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "గిదేంది సుప్రియమ్మా, పేరొచ్చిందా పోయిందా?"

"వచ్చిందమ్మా" అన్నాను.

"తప్పుతోటేనా?"

నా లోపల కూడా అదే మండుతోంది. కాదంటే సరిపోయేది. ఇప్పుడు యమున అన్న పేరు లోకంలో ఎక్కడ కనబడినా తప్పు పక్కనే కనబడుతుంది. పగ తీరింది సరే, ఆమె ఒకే ఒక్క గొప్ప పనిని ఆమె చేతులతోనే కూల్చుకుంది. ఈ సంగతి నిలదీసి అడుగుదామని బయటికి వచ్చాను.

కారు దగ్గర ఆ ప్రశ్న నాకంటే ముందు రాఘవేంద్రే అడుగుతున్నాడు. వేదిక మీది భాష పోయి వడ్డేపల్లి భాష బయటికొచ్చింది.

"గిట్ల చేసి నీకేం మిగిలిందే యమునా? నాకేం సంబంధం లేదంటే అయిపోతుండె గద. ఆ తప్పు నాతోనే పోతుండె. నీ మీద ఏసుకున్నవు. ఎందుకు?"

యమున అతని భుజం మీంచి జారుతున్న శాలువాను చూసింది. తర్వాత అతని కళ్లలోకి చూసింది.

"నాదేదీ నీ దగ్గర ఉండొద్దు, అన్నా" అంది. "తప్పు గూడ."